జూన్‌లో పుట్టిన పిల్లల పరుగుపందెం

సులోచన మేడం పోయారని తెలిసి నేను బోరబండ చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె కూతురు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి, అటక మీంచి దింపిన పొడుగాటి రిజిస్టరొకటి చేతిలో పెట్టింది. "అమ్మ దీన్ని పారెయ్యనియ్యలే అక్కా. కరుణకియ్యమని రెండుమూడు సార్లు అన్నది" అంది. అట్ట అంచులు ఎలుకలు కొరికేశాయి. లోపలంతా నా చేతిరాతే, ఇరవై రెండేళ్ల వయసులో కష్టపడి గుండ్రంగా దిద్దిన అక్షరాలు. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఆ తేదీల వరస పైనుంచి కిందికి చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది. మా బడిలో పిల్లలు దాదాపు అందరూ జూన్‌లోనే పుట్టారు. ఈ రిజిస్టరును ఒకసారి వందమంది ముందు పైకెత్తి చూపించి నన్ను నవ్వులపాలు చేశారు. ఆనాటి సంగతి రాయమని మా అమ్మాయి ఎప్పటినుంచో అడుగుతోంది. రాస్తాను. అయితే క్షమాపణ రాతలా రాయను. చేసినదాంట్లో ఒక్క పనికి తప్ప దేనికీ నేను సిగ్గుపడటం లేదు. ఆ ఒక్కటీ రావలసిన చోట దాచకుండా చెబుతాను.

అప్పట్లో మా ఇల్లు ఆ బడికి మూడు సందుల అవతల ఉండేది. రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు రేకుల వరండా. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసేవాడు. సాయంత్రం ఆయన సైకిలు సందు మలుపు తిరక్కముందే మిషను నూనె వాసన వస్తుందని అమ్మ అంటుండేది. రాగానే వరండాలో గొంతుక్కూచుని, రంపప్పొట్టులో సబ్బుపొడి కలిపి, మోచేతుల దాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ నల్లగీత పోయేది కాదు. అమ్మ నర్సు. ఆమె డ్యూటీ దిగి వస్తే ఇల్లంతా స్పిరిట్ వాసన. ఈ రెండు వాసనలనీ మింగేసేది నానమ్మ ఎండుచేపల పులుసు. ఆమె తెల్లారకముందే లేచి గోడకు చేరగిలబడి, ఇంటి ఓనర్నీ పాలాయన్నీ మా కాలేజీ ప్రిన్సిపాల్నీ పేరుపేరునా తలుచుకుంటూ గట్టిగా ప్రార్థన చేసేది. ఆమె ప్రార్థన వింటే ఆ వారం ఎవరితో పోట్లాట అయిందో తెలిసిపోయేది. నానమ్మకి ఎన్నేళ్లో ఆమెకే తెలీదు. "పెద్ద గాలివానకి మా ఇంటి కప్పు లేచిపోయిన ఏడు నాకు పెళ్లయింది. అంతకుమించి నన్నడక్కు" అనేది. రేషన్ కార్డులో గుమాస్తా అరవై అని రాశాడు. కార్డు మార్చినప్పుడల్లా పాతదాన్ని చూసి మళ్లీ అరవై అనే రాసేవాళ్లు. మా నానమ్మ నాకు తెలిసినంత కాలం అరవై ఏళ్లతోనే ఉంది. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

డిగ్రీ అయిపోగానే సులోచన మేడం బడిలో రెండో తరగతి పంతులమ్మగా చేరాను. మూడు గదులు, పైన రేకులు, ముందు ఒక గచ్చు వాకిలి, అంతే బడి. మేడం యాభై దాటిన మనిషి. వక్కపొడి నములుతూ గుమ్మంలో నిలబడి మూడు తరగతులనూ ఒకేసారి గమనించేవారు. చేతిలో బెత్తం ఉండేది కానీ దాన్ని కుక్కలను తోలడానికి తప్ప వాడగా నేను చూడలేదు. కాలేజీలో నేను నాలుగొందల మీటర్లు పరిగెత్తానని ఎవరో చెబితే, "అయితే పీటీ కూడ నువ్వే చెప్పు" అన్నారు. అడ్మిషన్లు కూడా నాకే అప్పగించారు. అప్పుడు మాదాపూర్ వైపు కంప్యూటరు కంపెనీల కోసం ఒక గుండ్రటి పెద్ద భవనమూ దాని చుట్టూ మరికొన్నీ లేస్తున్నాయి. మధ్యాహ్నం బండలు పేల్చితే మా రేకులు గలగలమనేవి. ఆ పనులకు పాలమూరు నుంచి వచ్చిన వాళ్లు గుడిసెలు వేసుకుని, పిల్లల్ని మా బడికి పంపేవాళ్లు. పుట్టిన తేదీ అడిగితే ఆ తల్లులు నా మొహం చూసేవాళ్లు. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి, వయసు లెక్క సరిపోతుంది కాబట్టి, జూన్‌లో ఒక తేదీ వేసెయ్యమని మేడం నేర్పారు. వేసేశాను.

బాలమణిని తీసుకొచ్చింది వాళ్లమ్మ అంజమ్మ. తల మీద తట్ట మోసి మోసి మెడ నిటారుగా నిలిచిపోయిన మనిషి. పిల్లకు ఎన్నేళ్లని అడిగాను. "జొన్నలు కోస్తుంటే నొప్పులొచ్చినయ్. ఆ ఏడు వానల్లేవు. నువ్వే ఎంచుకో మేడం" అంది. ఇంతకుముందు ఏ బడికైనా వెళ్లిందా అంటే, ఊళ్లో కొన్నాళ్లు, ఇంకో పని దగ్గర కొన్నాళ్లు అంది. అక్షరాలు వచ్చు, కూడికలు వచ్చు. మూడో తరగతిలో కూచోబెట్టాం. ఆ తరగతిలో అందరికంటే పొడుగు. నీళ్ల కుండ దగ్గరికి వెళ్లాలన్నా, గంట కొట్టాలన్నా నడిచేది కాదు. ఒక కాలు గుమ్మం లోపల ఉండగానే రెండో కాలు వాకిలి చివర ఉండేది.

చుట్టుపక్కల బడుల్లో ఆటల పోటీలంటే ఆరో తరగతి నుంచే. చిన్నపిల్లలకు చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట, లేదంటే వేషాలు. "చిన్నపిల్లలకు పరుగెందుకు, పడి మూతులు పగలగొట్టుకుంటారు" అనేవాళ్లు. ఆడపిల్లల సంగతయితే ఇక అడగనే అక్కర్లేదు. నాకది మొదటి నుంచీ కడుపుమంట. ఐదో తరగతి వరకు పిల్లలకు నిజమైన పోటీలు పెడదాం, యాభై మీటర్లు, వంద మీటర్లు, లాంగ్‌జంప్, రిలే, అని మేడం వెంటపడ్డాను. "ఎక్కడ పెడ్తవ్, మన గచ్చు మీదనా?" అన్నారు. గ్రౌండ్ వెతుకుతానన్నాను. నెల రోజులు బడి వదలగానే బస్సెక్కి, దిగి, నడిచి, బాలానగర్ నుంచి చందానగర్ దాకా చిన్న బడులన్నీ తిరిగాను. మాదీ కలుపుకుని ఏడు బడులయ్యాయి. చందానగర్ దాటాక ఒక పెద్ద బడి ఉండేది, నాలుగంతస్తులది, దానికి చదును చేసిన మైదానం. దాని కరస్పాండెంట్ గారు నన్ను కూచోబెట్టి టీ ఇప్పించి, "తప్పకుండానండీ, చిన్నపిల్లల్ని ప్రోత్సహించాలి కదండీ" అన్నారు. మూడో తరగతి వరకు పిల్లల పందేలకు తొమ్మిదేళ్లు దాటకూడదన్న నిబంధన మాత్రం ఆయన పెట్టిందే. నేను తలూపాను. మా రిజిస్టరు ప్రకారం బాలమణికి ఎనిమిదేళ్లు.

పతకాలు నాన్న చేశాడు. వర్క్‌షాపులో మిగిలిన ఇత్తడి ముక్కల్ని యజమానిని అడిగి తీసుకుని, భోజనం వేళ లేతు మీద బిళ్లలుగా కోసి, అంచులు చెయ్యి కోసుకోకుండా నున్నగా చేసి, రోజుకు నాలుగు చొప్పున టిఫిన్ డబ్బాలో తెచ్చేవాడు. డబ్బా మూత తీస్తే పప్పన్నం వాసన మీద ఇత్తడి వాసన. అమ్మ వాటిని చింతపండుతో తోమేది. నానమ్మ రిబ్బన్లు కత్తిరించి కుట్టేది, సూదిలోకి దారం మాత్రం నేను ఎక్కించాలి. "ఒసే, ఇన్ని చేస్తున్నాం గదా, ఇంట్లో ఒకటుంచుకుంటే ఏం పోయింది?" అని ఒక బిళ్లను మెడలో వేసుకుని అద్దంలో చూసుకుంది. ఆ నెల రోజులూ మా ఇంట్లో అందరం ఒకే పని మీద ఉన్నాం. అలాంటి నెల మా ఇంట్లో మళ్లీ రాలేదు.

రెండో శనివారం పోటీలు. మా పిల్లల్ని డీసీఎం వ్యానులో నిలబెట్టి తీసుకెళ్లాం. మైదానంలో ముగ్గుపిండితో గీతలు గీసి ఉన్నాయి. గీసింది ఆ బడి పీఈటీ యాదగిరి సారు, వంకర లేకుండా గీశారు, ఆ మాట చెప్పాలి. షామియానా కింద కరస్పాండెంట్ గారు, సులోచన మేడం, ఇంకో ఇద్దరు పెద్దలు. ఎవరికైనా దెబ్బ తగిలితే చూడటానికని వాళ్లు పిలిచిన డాక్టరు ఒకాయన కూడా ఉన్నారు. ఆయన పళ్ల డాక్టరు. అంజమ్మ పొద్దుటిపూట పని మానుకుని వచ్చి, షామియానా నీడలోకి రమ్మన్నా రాకుండా, గోడ దగ్గర ఎండలో నిలబడింది.

యాభై మీటర్ల మొదటి పందెంలోనే బాలమణి అందరినీ వెనక్కి నెట్టేసింది. రెండో పిల్ల సగం దూరంలో ఉండగానే గెలుపు గీత దగ్గరి తాడు దాటేసి, ఇంకా ఎక్కడ ఆగాలో తెలియక గోడ దాకా వెళ్లిపోయింది. మా పిల్లలు గొంతులు చించుకున్నారు. నేనూ చించుకున్నాను. యాదగిరి సారు విజిల్ ఊదారు.

"మేడం, జర ఇట్ల రాండ్రి. ఈ పిల్లకు తొమ్మిదేండ్ల లోపు ఏంది? పన్నెండుంటయ్. నేను పిల్లల్ని జూడలేదా?"

నేను వెంట తెచ్చిన రిజిస్టరు తెరిచి చూపించాను. ఆయన వేలు ఒక్క పేరు దగ్గర ఆగలేదు. కిందికి జారింది. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. తర్వాత రిజిస్టరును షామియానా వైపు ఎత్తిపట్టుకుని, "సార్, వీళ్ల బళ్ల అందరు జూన్లనే పుట్టిన్రంట!" అన్నారు. మైకు పక్కనే ఉంది. మైదానమంతా వినపడింది. కరస్పాండెంట్ గారు నవ్వారు. తల్లిదండ్రులు నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పిల్లలూ నవ్వారు. మా పిల్లలు కూడా.

"బర్త్ సర్టిఫికెట్ ఉందాండీ?" అన్నారు కరస్పాండెంట్ గారు, చాలా మర్యాదగా. లేదన్నాను. ఆయన డాక్టరు వైపు తిరిగారు. "దవడ చివర పళ్లు వచ్చాయో లేదో చూస్తే తెలిసిపోతుందండీ, ఒక్క నిమిషం పని" అన్నారు డాక్టరు గారు, జేబులోంచి చిన్న టార్చిలైటు తీస్తూ.

నేను సిగ్గుపడే పని ఇదే. ఆ క్షణంలో నాకు బాలమణి కనపడలేదు. వందమంది నవ్విన నవ్వు వినపడుతోంది, నేను అబద్ధాలకోరును కానని తేల్చుకోవాలి, అంతే. ఆ పిల్ల భుజం పట్టుకుని షామియానా ముందుకు తీసుకొచ్చింది నేనే. "నోరు తెరువు బాలమణీ" అన్నది నేనే. ఆ పిల్ల నా మొహం చూసి, నేను చెప్పాను కాబట్టి, కళ్లు మూసుకుని నోరు తెరిచింది. పరిగెత్తిన ఆయాసం ఇంకా తీరలేదు, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

డాక్టరు టార్చి వెలిగించేలోపు అంజమ్మ వచ్చింది. పరుగు లేదు, కేక లేదు. తల మీద బరువున్నప్పుడు ఎలా నడుస్తారో అలా నడిచి వచ్చి, పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూసింది.

"అంగట్ల ఎద్దును జూసినట్టు జూస్తున్రేంది సారూ? కొంటరా నా బిడ్డను?"

ఆమె వాళ్లను వదిలేసి నా వైపు తిరిగింది. "నువ్వు గూడనా మేడం?" అంది.

తర్వాత నేను చేసిన పనిని కోపం అంటారో పొగరు అంటారో మీ ఇష్టం. మైకు దగ్గరికి వెళ్లాను. "ఇవాళ ఇక్కడ ఎవరి పుట్టిన తేదీనీ అడగం. మా పిల్లలకు తేదీలు వేసింది నేనే, వాళ్ల అమ్మానాన్నలకే తెలియని తేదీలు నాకెలా తెలుస్తాయి? వయసు తెలీదు, ఎత్తు మాత్రం అందరికీ కనపడుతుంది. అన్ని బడుల పిల్లలూ ఈ తాడు కింద నుంచి నడవాలి. తల తగలకపోతే చిన్నవాళ్లు, తగిలితే పెద్దవాళ్లు. ఈ పిల్ల కూడా" అన్నాను. గెలుపు గీత దగ్గర కట్టిన తాడు విప్పి, నా భుజానికి కాస్త దిగువగా రెండు గుంజలకు కట్టాను.

కరస్పాండెంట్ గారికి అప్పటికి కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో చూడగానే తెలిసింది. చిన్నపిల్లల వరసలో నిలబడ్డ వాళ్ల బడి వాళ్లలో నలుగురు ఆ తాడు కంటే ఎత్తున్నారు. "ఇది మా గ్రౌండండీ. మా నిబంధనలండీ. ఇష్టం లేకపోతే తీసుకెళ్లండి మీ పిల్లల్ని" అన్నారు. "తీసుకెళ్తానండీ" అన్నాను. అనేశాకే తట్టింది. ఎక్కడికి తీసుకెళ్లాలి? మిగతా ఆరు బడులూ నా వెంట ఎందుకొస్తాయి? నేను ఇరవై రెండేళ్ల పిల్లని, నెల రోజుల కిందటి దాకా వాళ్లకు నా పేరు కూడా తెలీదు. సులోచన మేడం వైపు చూశాను. ఆమె పెద్దల మధ్య కుర్చీలో కూచుని ఉన్నారు. వక్కపొడి నమలడం ఆపి, లేచి, సంచీ భుజాన వేసుకున్నారు.

"నడువుండ్రి పిల్లలూ, లైను కట్టుండ్రి. చెప్పులు మర్చిపోకుండ్రి" అన్నారు.

మా వెనక బాలానగర్ బడి వాళ్లు లేచారు. తర్వాత ఇంకో బడి. ఏడు బడులూ గేటు దాటి బయటికొచ్చాయి. ప్రహరీ పక్కనే అమ్మకానికి హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. పంతులమ్మలం కొంగులు దోపుకుని తుమ్మముళ్లు ఏరాం. మిగిలిన ముగ్గుపిండితో గీతలు గీశాం, వంకర టింకరగా. తాడును ఒక కరెంటు స్తంభానికీ తుమ్మచెట్టుకీ కట్టాం. పిల్లలు దాని కింద నుంచి నడిచారు. కొందరు పొట్టివాళ్లయిపోదామని మోకాళ్లు వంచారు, కొందరు పెద్దవాళ్లనిపించుకోవాలని మునివేళ్ల మీద నడిచారు. ఏడుపులు తక్కువ, నవ్వులు ఎక్కువ. పెద్ద బడి నుంచి ఒకే ఒక తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. "మా అమ్మాయి వారం రోజుల నుంచి పరిగెడుతోందండీ. రానిస్తారా?" అన్నారు. ఎందుకు రానివ్వం?

బాలమణి తల తాడుకు తగిలింది. పెద్దవాళ్ల వరసలో, ఐదో తరగతి మగపిల్లల పక్కన నిలబడింది. ఆ పిల్ల గెలిచిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుందని నాకు తెలుసు. గెలవలేదు. వంద మీటర్లలో నాలుగోదిగా వచ్చింది. మూడో పిల్లవాడికీ తనకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. వచ్చి నా ముందు నిలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "మల్లెప్పుడు పెడ్తరు మేడం?" అంది. నోరు తెరవమన్నది నేనేనన్న సంగతి ఆ పిల్ల మొహంలో లేదు. నేను వెతికాను.

ఇంటికెళ్లి చెబితే నాన్న చేతులు రుద్దుకుంటూ విన్నాడు. "రేపు ఇంకో బిళ్ల కోసి తెస్తాలేమ్మా, ఆ పిల్లకీ ఇయ్యి" అన్నాడు. వద్దన్నాను. నాలుగోస్థానానికి పతకం లేదు. జాలిపడి ఇస్తే, ఆమె మూడోవాణ్ణి అందుకోబోయిన పరుగు అబద్ధమైపోతుంది. నాన్న సరేనన్నాడు. నానమ్మ మాత్రం మర్నాడు ప్రార్థనలో కరస్పాండెంట్ గారిని పేరు తెలియకపోయినా చాలాసేపు తలుచుకుంది.

పెద్ద బడి వాళ్లు మా మీద మిగతా బడులన్నిటికీ ఉత్తరాలు రాశారు. క్రమశిక్షణ లేని టీచరని నా గురించి అందులో ఉంది. మరుసటేడు మూడు బడులు రామన్నాయి. నాలుగు బడులతో అవే ప్లాట్లలో పెట్టాం. ఆ ప్లాట్లలో ఇళ్లు లేస్తే ఇంకో ఖాళీ చోటికి, అక్కడా లేస్తే ఇంకాస్త దూరానికి జరుగుతూ ఆరేళ్లు పెట్టాం. బాలమణి ఒక్కదాంట్లో కూడా లేదు. మొదటి పోటీలు జరిగిన ఏడే, ఎండాకాలం సెలవులకు ముందే, అంజమ్మ టీసీ కోసం వచ్చింది. పని అయిపోయింది, మేస్త్రీ ఇంకో ఊరికి తీసుకుపోతున్నాడంది. టీసీ రాసి ఇస్తూ, ఆ రోజు సంగతి తప్పయిందన్నాను. ఎన్నాళ్ల నుంచో నోట్లో నానుతున్న మాట. అంజమ్మ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. "నువ్వు గూడ చిన్నదానివే. గనీ ఎవ్వరి పిల్లనూ మల్ల గట్ల నిలబెట్టకు" అంది. పాతికేళ్లు పంతులమ్మగా చేశాను. ఆ మాట తప్పలేదు.

ఆ రోజులే బాగుండేవని అంటారు నా ఈడువాళ్లు. నేననను. మా బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. మేం పరుగులు పెట్టిన నేలలో సీసాపెంకులుండేవి. ఈమధ్య తెలిసినవాళ్ల అమ్మాయి బడిలో ఆటలపోటీలకు వెళ్లాను. అదే చందానగర్ దారిలో, అద్దాల ఆఫీసుల మధ్య, మెత్తటి ఎర్రటి ట్రాక్, నీళ్లు, డాక్టరు, అన్నీ ఉన్నాయి. సంతోషించాను. పిల్లలకు ఉండాల్సినవే అవి. పరిగెత్తినవాళ్లందరికీ పతకాలిచ్చారు, దానితో నాకు పేచీ ఉంది కానీ పిల్లల మొహాలు చూసి ఊరుకున్నాను. ఊరుకోలేనిది వేరే ఉంది. ఆ ప్రహరీ అవతల ఇంకో భవనం లేస్తోంది. ఇనుపరేకుల సందుల్లోంచి పనివాళ్ల పిల్లలు లోపలికి చూస్తున్నారు. వాళ్లకు పందెం ఎక్కడ అని అడిగాను. నన్ను పిలిచిన టీచరమ్మాయి అర్థం కానట్టు చూసింది. నేను మళ్లీ అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను, ఆ బడికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. నా పేరు చూస్తే ఇప్పుడు వాళ్ల ఆఫీసులో తలలు పట్టుకుంటారట. పట్టుకోనివ్వండి.

యాదగిరి సారు చందానగర్ మార్కెట్లో ఒకసారి కనపడ్డారు. రిటైరై చాలా ఏళ్లయింది, జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, కూరగాయల సంచీ కింద పెట్టి మరీ పలకరించారు. పిల్లలూ ఆరోగ్యాలూ అయ్యాక గొంతు తగ్గించారు.

"ఒకటి అడుగుత, ఏమనుకోకుండ్రి. ఇప్పుడు ఎవ్వరు కంప్లైంట్ ఇస్తరు గనీ, నిజం చెప్పుండ్రి. ఆ పిల్లకు పన్నెండేండ్లు ఉండె గద?"

"ఉండొచ్చు సార్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "జూసిన్రా! ఇన్నేండ్లకు ఒప్పుకున్నరు" అన్నారు.

"పదమూడైనా ఉండొచ్చు. నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. పెద్దపిల్లో కాదో తెలీదు కాబట్టే పెద్దవాళ్లతో పరిగెత్తించాను. నాలుగోదిగా వచ్చింది. ఎవరి పతకమూ తీసుకోలేదు. మీకు ఇంకేం కావాలి సార్?"

ఆయన వంగి కూరగాయల సంచీ చేతిలోకి తీసుకున్నారు. నేను కదల్లేదు. చుట్టూ జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఆయన జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడదామనుకున్నాను, నిలబడ్డాను.